పైకీ కిందికీ తిరిగే మనిషి

మోకాళ్ళ డాక్టరు దగ్గర ఎంతసేపు ఆగాల్సి వచ్చినా కూర్చునే ఆగొచ్చు. ఆ వైద్యంలో నాకు తెలిసిన సుఖం అదొక్కటే. మొన్న హైదరాబాదులో అలా కూర్చుని ఉంటే పక్కన బల్ల మీద ఒక యాత్రల పత్రిక దొరికింది. తిరగేశాను. ఆల్ప్స్ కొండల్లో వేడినీటి బుగ్గలున్న ఒక పల్లెటూరు. ఆ ఊరి చుట్టూ గుండ్రంగా ఒక కాలిబాట. ఎక్కడ బయల్దేరితే మళ్ళీ అక్కడికే వస్తారట. నేను ఉద్యోగం చేసిన ప్రతి ఆఫీసుకూ ఈ గుణం ఉండేది గాని, ఎవరూ ఫోటోలు తీసి అచ్చు వెయ్యలేదు. చెక్క బెంచీలు, కిటికీల్లో పూలకుండీలు, మెడలో గంటలున్న ఆవులు. అంతా అయ్యాక చివర్న ఒక వాక్యం: "చక్రాల కుర్చీలు కూడా ఈ దారిలో సులువుగా వెళ్తాయి."

అక్కడ నాకు కొంచెం కోపం వచ్చింది. కొంచెం అని మర్యాద కోసం అంటున్నాను. పక్కనున్న మా ఆవిడ, "ఏమైంది, బీపీ మాత్ర వేసుకోలేదా?" అని అడిగింది.

చక్రాల కుర్చీ వెళ్ళదండీ. నేను చూశాను. వదిలేస్తే ఉన్నచోట ఉంటుంది, లేకపోతే లోయలోకి పోతుంది. ఈ రెండూ కాకుండా దారి పట్టుకుని వెళ్ళాలంటే వెనకాల ఒక మనిషి ఉండాలి. ఫోటోలో ఆ మనిషి లేడు. ఆ వాక్యంలో కూడా లేడు. సరిగ్గా అదే వారంలో ఆ మనిషి చచ్చిపోయాడని జగిత్యాల దగ్గరి ఒక పల్లె నుంచి నాకు ఫోనొచ్చింది. కాబట్టి ఆ పత్రిక దోషం కొంత, ముహూర్త దోషం కొంత.

ఆయన పేరు రాయను. ఎందుకు రాయనో తర్వాత చెప్తాను.

ఆయన గౌడు. తాతతండ్రుల నుంచీ తాడి చెట్లు ఎక్కి కల్లు గీసిన ఇల్లు. సౌదీలో అలాంటి మనిషికి ఏం పని అని మీరు నవ్వుతారు. ఏజెంటు నవ్వలేదు. అక్కడ ఉనైజాలో ఖర్జూరపు తోటలున్నాయి, ఆ చెట్లకు పుప్పొడి చల్లాలన్నా గెలలు కొయ్యాలన్నా పైకి ఎక్కేవాడు కావాలి. చెట్టు ఎక్కడం వచ్చిన మనిషి, ఎక్కాల్సిన చెట్టు. ఏజెంట్ల చరిత్రలో ఇంత నిజాయితీగా కుదిరిన బేరం ఇంకొకటి ఉండదు. ఆయన మోకు మెడలో వేసుకుని విమానం ఎక్కబోతే బొంబాయిలో ఆపి, అది తాడేనని, దాంతో ఎవరినీ ఉరి తీయబోవడం లేదని తేలాక వదిలారట.

తోటలో పని బాగానే సాగింది. తర్వాత కువైట్ గొడవ మొదలైంది. చలికాలంలో యుద్ధం వచ్చింది. రియాద్ మీద క్షిపణులు పడుతున్నాయనీ, వాటిలో విషవాయువు ఉంటుందనీ చెప్పుకున్నారు. తోట యజమాని, అంటే ఆయన వీసాకు పూచీ ఉన్న కఫీలు, కుటుంబాన్ని తీసుకుని జెద్దా వెళ్ళిపోయాడు. పోతూ పోతూ సూపర్‌వైజర్లకు గ్యాస్ మాస్కులు ఇప్పించాడు. కూలీలకు తడి తువ్వాళ్ళు కట్టుకోమని చెప్పించాడు. తువ్వాలు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

అప్పుడు ఈయన ఒక పని చేశాడు. జగిత్యాల గౌడు తప్ప భూమ్మీద ఇంకెవరూ చెయ్యని పని.

మన దగ్గర ఈతచెట్లకు కల్లు దిగేది చలికాలంలోనే. ఖర్జూరం కూడా ఈతకు అన్నగారే. అడిగేవాళ్ళు లేని తోట, ఎదురుగా నిండు చెట్లు, నెత్తి మీద ఏం పడుతుందో తెలియని ఆకాశం. గెలలు కోసే కొడవలితో ఒక చెట్టుకు గీత పెట్టి, కింద పాలడబ్బా కట్టాడు.

"సచ్చిపోతమని అందరు అంటుండిరి సారూ. సచ్చేముందు ఒక్క బుక్కెడు కల్లు నోట్లె పడితే మంచిగుంటది గదా అనుకున్న. ఆళ్ళకు మాస్కులిచ్చిరి. నాకు గిది," అన్నాడు తర్వాత నాతో.

"దిగిందా?"

"దిగింది. తియ్యగ లేదు, ఉప్పగున్నది. గా దేశంల నీళ్ళే ఉప్పగుంటయి, చెట్టు మాత్రం ఏం జేస్తది?"

ఆ ఉప్పటి బుక్కెడు పూర్తిగా గొంతు దిగకముందే సూపర్‌వైజరు చూశాడు. ఆ దేశంలో కల్లు తాగితేనే నేరం. తయారుచేస్తే ఇంకా పెద్దది. కఫీలుకు కబురు వెళ్ళింది. అయితే పోలీసులు రాలేదు. యుద్ధం అయిపోయాక "వీణ్ణి చెట్లు లేని చోటికి పంపండి" అని ఒక్క మాట వచ్చింది. అలా ఆయన జిజాన్ వెనక కొండల్లోకి, మా దగ్గరికి వచ్చాడు.

మా దగ్గర అంటే, అదే కఫీలు నడిపించే వేడినీటి బుగ్గల విడిది. వాత రోగాలకూ కీళ్ళ నొప్పులకూ ఆ నీళ్ళు మంచివని జనం వచ్చేవాళ్ళు. నేను అక్కడ గుమాస్తాను. హన్మకొండలో డిగ్రీ చదివి, అతిథుల పేర్లు అరబ్బీలో తప్పుల్లేకుండా రాయడం నేర్చుకున్నవాణ్ణి. ఆఫీసు గోడ మీద బంగారు రంగు ఫ్రేములో ఒక పెద్ద ఫోటో ఉండేది. ఆల్ప్స్ కొండల్లో ఒక ఊరు, దాని చుట్టూ బాట, బెంచీలు, పూలు. కఫీలు తల్లికి మోకాళ్ళ జబ్బు. యుద్ధానికి ముందు ఏటా ఎండాకాలంలో ఆమెను అక్కడికి తీసుకెళ్ళేవారు. కువైట్ గొడవ మొదలవగానే పెద్దావిడ ఇక విమానం ఎక్కనంది. తల్లి అక్కడికి పోకపోతే అక్కడిదే ఇక్కడికి రావాలి గదా. కొడుకు మా విడిది ఊరి చుట్టూ ఒక గుండ్రటి బాట వేయించడం మొదలుపెట్టాడు.

బాట పని మొదట యెమెన్ మేస్త్రీలది. కువైట్ గొడవలో వాళ్ళ ప్రభుత్వం తప్పు పక్కన నిలబడిందని ఉన్నపళంగా మూటలు కట్టుకోమన్నారు. గోడ సగంలో ఉండగానే వెళ్ళిపోయారు. మిగతా సగం మావాళ్ళు కట్టారు. ఎవరిది ఎక్కడ ఆగిందో ఇవాళ్టికీ తెలుస్తుంది. అవతలి సగం తిన్నగా ఉంటుంది. బెంచీలు సిమెంటువి, చెక్కలాగా రంగు వేశారు. తెప్పించిన దేవదారు మొక్కలు మొదటి ఎండకే ఎండిపోతే ప్లాస్టిక్ పూలు పెట్టారు. ఆవులు లేవు గాని కుక్కమూతి కోతులున్నాయి. మంచు విడిచిన పూట ఆ బాట మీద నిలబడితే కింద లోయలు మెట్లు మెట్లుగా సముద్రం దాకా దిగిపోతున్నట్టు కనిపించేవి. నిజం చెప్పొద్దూ, అందమైన దారే.

బాట అయ్యాక మొదట్లో ఒక బోర్డు పెట్టారు: కుటుంబాలకు మాత్రమే. కట్టినవాళ్ళెవరికీ అక్కడ కుటుంబం లేదు. కుటుంబాన్ని తెచ్చుకునే వీసా లేదు మరి. కనక చేతిలో చీపురో కుర్చీ పిడులో ఉంటే తప్ప వాళ్ళు ఆ దారి తొక్కకూడదు. రాళ్ళు మొయ్యడానికి వచ్చిన మన గౌడుకు కుర్చీ పిడులు దక్కాయి. పెద్దావిడను రోజూ సాయంత్రం ఒక చుట్టు తిప్పడం ఆయన పని. వెనకాల మర్యాద కోసం ఒక శ్రీలంక పనిమనిషి ఫ్లాస్కు పట్టుకుని నడిచేది.

"నేను పైకి కిందికి తిరిగేటోణ్ణి సారూ," అనేవాడు నాతో. "నన్ను దెచ్చి గుండ్రంగ తిప్పుతున్నరు. గానుగెద్దు తిరిగితె నూనెన్న ఎల్తది."

కొత్తలో ఒకసారి, "పోనీలే అన్నా, రోజూ ఆ కొండలూ లోయలూ చూస్తావు, డబ్బులిచ్చి వచ్చేవాళ్ళకు దొరకని భాగ్యం" అన్నాను. నాకు అప్పట్లో ఇలాంటి మాటలు తేలిగ్గా వచ్చేవి.

"ఏ కొండలు?"

"ఆ కొండలే."

"సారూ, కుర్చీ నూకేటోనికి ఏం కనవడ్తదో ఎరుకేనా? రెండు ముందట చక్రాలు. గంతే. గవి రాయి మీదికి ఎక్కకుంట సూసుకుంట పోవాలె. మీ కొండలు ఎక్కడున్నయో నేను నేటిదాంక సూడలే."

పెద్దావిడా ఆయనా మాట్లాడుకునే తీరు వినాల్సిందే. ఆయనకు అరబ్బీలో నాలుగు మాటలు వచ్చు, ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా చుట్టు పొడవునా పోట్లాడుకుంటూనే ఉండేవాళ్ళు. ఆయన ఆమెను అవ్వా అనేవాడు. ఆమె ఆయన్ని "యా హిందీ" అనేది, అంటే ఓయ్ ఇండియావాడా అని. గోడ మీది కోతుల్ని చూడగానే ఆమె చేతికర్ర ఎత్తేది. ఈయన కుర్చీ ఆపేసేవాడు.

"అవ్వా, కొట్టకు! హన్మంతుని బలగం. పాపం తగుల్తది!"

"ఉస్కుత్!" అని ఆమె నోరు ముయ్యమనేది.

"నువ్వే ఉస్కుత్. ఓ హన్మంతూ, జరుగు బిడ్డా, ముసలామెకు జర తిక్క."

కోతి జరిగేది. ఎవరి మాట విని జరిగిందో ఇద్దరూ వాదించుకుంటూ ముందుకు పోయేవాళ్ళు. బుగ్గ వెనకాల బెంచీ దగ్గర ఆమె సంచీలోంచి ఖర్జూరాలు తీసి, ఒకటి తను నోట్లో వేసుకుని ఒకటి ఈయనకు ఇచ్చేది. ఆ బెంచీ దాటితే ఏటవాలు. గోడ మీది ఫోటోలో ఆ ఏటవాలు లేదు. ఎక్కేటప్పుడు ఆయన ఛాతీని కుర్చీకి ఆనించి తాడి ఎక్కినట్టే ఎక్కేవాడు. దిగేటప్పుడు వెనక్కి వాలి మోకాళ్ళతో కుర్చీని నిలబట్టేవాడు. ఎక్కితే ఊపిరి పోతుంది, అది మళ్ళీ వస్తుంది. దిగితే మోకాళ్ళు పోతాయి.

పోయాయి. మోకాళ్ళ నొప్పులకు మందు అంటూ దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చే నీళ్ళ పక్కనే ఆ మనిషి మోకాళ్ళు పోయాయి. పనివాళ్ళకు బుగ్గలో దిగే అనుమతి లేదు. తొట్లలోంచి వాడిన నీళ్ళు బయటికి పోయే కాలవ ఒకటి బాట కింద ఉండేది. శుక్రవారాలు పనివాళ్ళంతా అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆయన ఒక్కడు మాత్రం కూర్చోలేదు.

"ఒకలు తానం జేసి ఇడిసిన నీళ్ళల్ల నేను కాళ్ళు వెట్ట. పోతె పోనీ మోకాళ్ళు."

"మోకాళ్ళు పోతే తాడి ఎలా ఎక్కుతావన్నా?"

ఆయనకు కావలసింది అదొక్కటే. మోకాళ్ళు పూర్తిగా చెడకముందే ఇంటికి పోయి మళ్ళీ తాడి ఎక్కాలి. ఊళ్ళో ఆయన వంతు చెట్లు అలాగే ఉన్నాయి. కాంట్రాక్టు ఎప్పుడో అయిపోయింది. మాతో వచ్చినవాళ్ళు రెండు మూడుసార్లు ఊరికి పోయి వచ్చారు. ఈయన మాత్రం మేనేజరు గదిలోకి వెళ్ళి, తలవంచుకుని బయటికి వచ్చి, కుర్చీ తీసుకుని బాట మీదికి పోయేవాడు. ఎందుకని అడిగితే "నా ఖర్మ" అని ఊరుకునేవాడు.

మేనేజరు మన తెలుగువాడే. ఏ జిల్లావాడో చెప్పను. ఆ జిల్లాలో మంచివాళ్ళు చాలామంది ఉన్నారు.

ఒక సాయంత్రం దిగుడులో ఆయన కుడి మోకాలు ఒక్కసారిగా జారింది. కుర్చీ ముందుకు పోయింది. పిడులు వదల్లేదు. గచ్చు మీద పొట్ట ఈడ్చుకుపోతున్నా వదల్లేదు. గోడ దగ్గర కుర్చీ ఆగింది. పెద్దావిడకు గీత కూడా పడలేదు. ఆమె "షువయ్య, షువయ్య" అంది, అంటే మెల్లగా అని. మెల్లగానే వచ్చాడమ్మా, పొట్ట మీద.

మర్నాడు మధ్యాహ్నం పనివాళ్ళ షెడ్డులో ఆయన మోకాలికి నేను గుడ్డ చుడుతుంటే మొదటిసారి చెట్టు సంగతి చెప్పాడు. అప్పటిదాకా నాకే కాదు, అక్కడ ఎవరికీ తెలియదు. సెలవు అడిగినప్పుడల్లా మేనేజరు తలుపు మూసి గొంతు తగ్గించేవాడట.

"ఏమయ్యా, ఆ చెట్టు చచ్చిపోయింది తెలుసా? కఫీలు ఇంకా మర్చిపోలేదు. నేను అడ్డం పడబట్టి పోలీసుల దాకా పోలేదు గాని, ఇప్పుడు దేశం వదలడానికి నీ ఎగ్జిట్ కాగితం ఆయన సంతకానికి పంపితే పాత కేసు తిరగదోడుతారు. జైలు, ఆపైన కొరడా దెబ్బలు. పెద్దావిడ కూడా నిన్ను పంపనంటోంది. చప్పుడు చెయ్యకుండా కుర్చీ తోసుకో. నీ మంచికే చెప్తున్నా."

"మంచికే" అన్న మాట దగ్గర నా చేతిలో గుడ్డ కాస్త బిగుసుకుంది. ఆయన "అబ్బా" అన్నాడు.

"అవ్వను అడిగావా ఎప్పుడైనా?"

"నాకేం భాషొస్తది? నువ్వడుగు సారూ. పంపుతదో పంపదో. చెట్టు సచ్చినందుకు మాపు జెయ్యమను. పెద్ద మనసు జేసుకొమ్మను."

ఆ సాయంత్రం బయట ఏదో పని ఉందని ఆఫీసులో చెప్పి వాళ్ళతో నడిచాను. బుగ్గ వెనకాల బెంచీ దగ్గర ఎప్పటిలాగే ఖర్జూరాలు బయటికి వచ్చాయి. ఆమె ఒకటి తింది, ఒకటి ఆయనకు ఇచ్చింది. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని నా మొహం చూస్తున్నాడు. నాకు వచ్చిన అరబ్బీలో, వీలైనంత మర్యాదగా అడిగాను. ఈ మనిషి ఇంటికి పోవాలనుకుంటున్నాడు, తమరు ఒప్పుకోవడం లేదని విన్నాం, ఉనైజాలో చెట్టు చనిపోయినందుకు క్షమించమంటున్నాడు అని.

పెద్దావిడ సంచీ మూయబోయి నావైపు తిరిగింది.

"నేను ఒప్పుకోకపోవడమేమిటి? వీడు ఊరికి ఎందుకు పోడని నేనే అనుకుంటూ ఉంటాను. ఎవరూ లేరేమో పాపం అనుకున్నాను. ఏ చెట్టు చనిపోయింది?"

చెప్పాను. కొడవలి, గీత, పాలడబ్బా. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీ ఊగేలా నవ్వింది.

"ఆ చెట్టా! మా ఇంట్లో దాని పేరు హిందీ చెట్టు. నా కొడుకు తోటకు వచ్చిన అతిథులందరికీ దాన్ని చూపించి ఆ కథ చెప్తాడు. చనిపోవడమేమిటి, గీత మానిపోయింది, ఏటా కాస్తుంది." సంచీ ఎత్తి చూపించింది. "వీడు రోజూ తింటున్నవి ఎక్కడివి అనుకున్నాడు? ఆ వరసలోవే."

నేను ఇప్పటికీ ఆ బెంచీ దగ్గరే ఆగిపోతాను. వాళ్ళకు అది భోజనాల తర్వాత అతిథులకు చెప్పుకునే నవ్వులాట. అదే గీత ఈయన మెడకు పలుపు. కేసు లేదు, ఫైలు లేదు. ఇంకో మనిషిని వెతుక్కునే శ్రమ మేనేజరుకు తప్పడానికి ఒక మనిషి మోకాళ్ళు ఖర్చయ్యాయి. కఫీలుకు కథ గుర్తుంది, కథలో మనిషి ఏమయ్యాడో గుర్తు లేదు. ఇక పెద్దావిడ. మంచిదే. రోజూ ఒక ఖర్జూరం ఇచ్చేంత మంచిది. ఎవరూ లేరేమో అనుకుంది గాని అడగలేదు. అడగడానికి రోజూ ఒక చుట్టు వ్యవధి ఉండేది.

"ఏమంటున్నది సారూ అవ్వ? ఎందుకు నవ్వుతున్నది?"

చెప్పాను. ముందూ వెనకా కలపకుండా, ఉన్నది ఉన్నట్టు.

ఆయన మొదట అడిగింది ఏమిటో తెలుసా? "చెట్టు బతికే ఉన్నదా? మంచిగున్నదా?" అని. ఉందన్నాను. గీత మానిందట అన్నాను. చేతిలోని ఖర్జూరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నోట్లో వేసుకుని మెల్లగా నమిలి, గింజను జేబులో వేసుకున్నాడు.

"చెట్టు మంచిగనే ఉన్నది," అన్నాడు. "మరి నాకేమైంది సారూ?"



ఆయన కుర్చీ బ్రేకు కాలితో నొక్కాడు. చక్రం కింద ఒక రాయి కూడా పెట్టాడు. "అవ్వా, మళ్ళొస్త" అన్నాడు. కుంటుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. ఆ బాట మీద చీపురూ కుర్చీ లేకుండా ఆయన నడవడం అదే మొదటిసారి. మిగిలిన దారంతా కుర్చీ నేను తోశాను. దృశ్యం ఎలా ఉందని అడగకండి.

చుట్టు పూర్తిచేసి తొట్ల దగ్గరికి వచ్చేసరికి జనం మూగి ఉన్నారు. మగవాళ్ళ వైపు అన్నిటికన్నా పైన, బుగ్గలోంచి నీళ్ళు నేరుగా పడే మొదటి తొట్టి ఒకటి ఉంది. అది కఫీలు సొంత అతిథులకు మాత్రమే. అందులో మన గౌడు చొక్కా లుంగీలతో సహా కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో రెండు మోకాళ్ళనూ పట్టుకున్నాడు. గట్టు మీద మేనేజరు. బూట్లు తడుస్తాయని కాస్త దూరంగా నిలబడి అరుస్తున్నాడు.

"లే! లేస్తావా పోలీసుల్ని పిలవమంటావా?"

"పిలువు."

"తమాషాగా ఉందా? ఏమనుకుంటున్నావు?"

"పిలువు సారూ. గా చెట్టును గూడ పిలువు. సాచ్చెం జెప్తది."

మేనేజరు నావైపు చూశాడు. నేను పెద్దావిడ కుర్చీ పిడులు పట్టుకుని ఉన్నాను. ఆయన మొహం పాలిపోయింది. పెద్దావిడ అక్కడి నుంచే నాతో గట్టిగా, "ఆ తొట్టి బాగా వేడి, నడుం దాకా దిగొద్దని చెప్పు వాడికి. మోకాళ్ళు చాలు" అంది. అంతమంది రోగులు కలిసి, అది నిజమే అన్నట్టు తలలూపారు. మేనేజరు బూట్లు చప్పుడు చేసుకుంటూ ఆఫీసులోకి పోయాడు. మన గౌడు లేవలేదు. పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. ఎవరూ ముట్టని నీళ్ళలో, అందరికన్నా ముందు.

పెద్దావిడ కొడుకుతో చెప్పింది. ఎగ్జిట్ వచ్చింది. అసలు కోపం నాకు అక్కడ వచ్చింది. అన్నేళ్ళు అసాధ్యమైన ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి కఫీలు కుర్చీలో కూర్చోనైనా కూర్చోలేదు. నిలబడి, ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ పెట్టాడు. పెట్టి, ఆయన్ని చూసి నవ్వి, "హిందీ చెట్టు!" అన్నాడు. ఆ మాట అన్నాక ఇంకేమైనా అంటాడేమో అని నేను కాసేపు ఎదురు చూశాను. అనలేదు. వారంలో కొత్త మనిషి కుర్చీ వెనక్కి వచ్చాడు. వెతకడానికి ఎవరూ పెద్దగా కష్టపడలేదు.

బుగ్గలో ఒక్క పూట కూర్చుంటే నయమయ్యేంత చిన్న నొప్పి కాదది. ఊరికి పోయాక ఒకసారి తాడి ఎక్కి చూశాడు. నేను సెలవులో వచ్చినప్పుడు వాళ్ళ ఊరికి వెళ్తే చెప్పాడు.

"సగం దాంక ఎక్కిన సారూ. మోకాళ్ళు ఇగ రామన్నయి. ఆడ్నే మోకు మీద ఆనుకోని జరసేపు నిలవడ్డ."

"తర్వాత?"

"చుట్టూర సూసిన. చెరువు, మా పొలాలు, గుట్ట. మంచిగున్నది. గిన్నేండ్లల్ల ఏదన్న సూసుడు అదే." మోకాళ్ళు రుద్దుకుంటూ, "దిగుడే కష్టమైంది" అన్నాడు.

మళ్ళీ ఎక్కలేదు. ఆయన వంతు చెట్లు అన్న కొడుకు గీసేవాడు, ఈయన కింద కూర్చుని వచ్చినవాళ్ళకు పోసేవాడు. జేబులో తెచ్చుకున్న ఆ గింజా, దానితో పాటు దాచిన ఇంకొన్నీ పెరట్లో పెడితే రెండు మొలిచాయి. ఒకటి మేక తినేసింది. రెండోది ఎదిగింది. ఖర్జూరం మొదట్లో పొట్టి చెట్టు గనక ఎక్కనక్కర్లేదు. నేల మీద నిలబడే గీయొచ్చు. గీశాడు.

"ఎట్లుందన్నా కల్లు?" అని ఫోనులో అడిగాను.

"ఉప్పగ లేదు సారూ. చెట్టు తప్పు గాదు, మొదట్నే చెప్పిన గదా."

ఇవన్నీ ఎప్పుడైనా రాస్తానంటే ఒకటే కోరాడు. "రాసుకో. నా పేరు మాత్రం వెట్టకు."

"ఎందుకన్నా? కేసు లేదని తెలుసు కదా?"

"తెలుసు. అబద్ధమని ఎరుకే. అయిన గని వెట్టకు." ఆ గొంతులో భయం ఉంది. మేనేజరు మూసిన తలుపు ఇంకా ఎక్కడో మూసే ఉంది. కాళ్ళను నాశనం చేసినందుకన్నా ఈ ఒక్క దానికి నేను ఆ మేనేజరును ఎక్కువ తిట్టుకుంటాను.

మేనేజరు బాగానే ఉన్నాడు. ఈ హైదరాబాదులోనే ఉంటాడు. మోకాళ్ళు రెండూ మార్పించుకున్నాడట. రోజూ పొద్దున్నే పార్కులో నడక బాట మీద గుండ్రంగా తిరుగుతాడట. ఆరోగ్యానికి మంచిదని అందరికీ చెప్తున్నాడట.

మొన్న ఫోను చేసింది మన గౌడు అన్న కొడుకు. "చిన్నాయిన పోయిండు సారూ. నిద్రల్నే పోయిండు. ఆయన పేర నేల మీద సాక ఇంటెనక ఖర్జూరపు కల్లే పోసినం. అదే పొయ్యిమని ముందుగాల్నే చెప్పిపెట్టిండు." సరే అన్నాను.

డాక్టరు పిలుపు ఇంకా రాలేదు. జేబులో పెన్ను ఉంది. పత్రికలో ఆ వాక్యం తీసి, "సులువుగా" అన్న మాట కొట్టేసి, పైన నీటుగా రాశాను: "వెనక ఒకాయన తోస్తే."

చీటీలు రాసే అమ్మాయి చూసింది. "అంకుల్, అందులో రాయకండి. అది అందరూ చదివేది."

"అందుకే రాశానమ్మా," అన్నాను.